ఆ గదికో తలుపు కావాలి

*ల్యాప్‌టాప్‌తో ఊరికి తిరిగొచ్చిన పిల్లలు ఇంటి ప్లాను మార్పిస్తున్నారు. నంద్యాల జిల్లా పల్లెల్లో ఇల్లు ఆఫీసుకు ఎంత జాగా ఇస్తోంది? ఎవరికి ఇస్తోంది?*

సాయంత్రం ఆరున్నర. సంజామల మండలంలో ఏ పల్లె చూసినా ఈ వేళకు సద్దు ఎక్కువ. చేల నుంచి ట్రాక్టర్లు ఇళ్లకు మళ్ళుకుంటాయి. గుడి మైకు అందుకుంటుంది. కొట్టంలో ఎనుము దూడ కోసం అరుస్తుంది. ఎదురింట్లో మోటారు వేస్తారు. సరిగ్గా అప్పుడే అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది గంటలు. పడసాలలో ఒకప్పుడు శనగల బస్తాలు పేర్చిన మూలలో ఇప్పుడొక టేబులు ఉంది. ఇంటి ఆడబిడ్డ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని దాని ముందు కూర్చుంటుంది. అమ్మ మిక్సీ ఆపేస్తుంది. నాయన టీవీ గొంతు తగ్గిస్తాడు. జేజికి మాత్రం ఈ మౌనవ్రతం ఎందుకో అంతుపట్టదు. తెర మీద చిన్న చిన్న గడుల్లో కనపడే ముఖాలను తొంగిచూసి అడుగుతుంది: "ఎవురితో మాట్లాడుతుండావు పాపా? వాళ్ళు బువ్వ తిన్నారంటనా?"

మైకు మూసి ఉండకపోతే ఆ ప్రశ్న సముద్రాలు దాటిపోతుంది.

ఈ బొమ్మ ఫలానా ఇంటిదని పేరు పెట్టక్కర్లేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బెంగళూరు, హైదరాబాద్, చెన్నై హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. సీమ పల్లెల్లోని మిద్దెల మీద సిగ్నల్ కోసం ఫోన్లు ఎత్తి పట్టుకొని తిరిగే పిల్లలు కనిపించారు. నాలుగు వారాల ముచ్చట అనుకున్నది రెండు మూడేళ్లు సాగింది. ఆ తర్వాత కంపెనీలు రమ్మన్నాయి. కొందరు వెళ్ళారు, కొందరు నెలలో సగం రోజులు వెళ్తున్నారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇంటి నుంచి పని అంటోంది. 2025లో కౌశలం సర్వే పేరుతో గ్రామ సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగి ఎవరేం చదివారో రాసుకొని పోయారు. అందరూ నెట్ గురించి, జీతం గురించి మాట్లాడుతున్నారు. ఆ పని చేసే మనిషి కూర్చునే గది గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఉద్యోగం ఊళ్ళో నిలబడటానికి ఆ గదే ముఖ్యమని నేను నమ్ముతాను.

ధాన్యానికి గది ఉంది, మనిషికి లేదు

కోయిలకుంట్ల దాటి జమ్మలమడుగు వైపు పోతుంటే దారిలో వస్తుంది సంజామల. నల్లరేగడి నేల. వాన నిలిస్తే అక్టోబరు, నవంబరుల్లో శనగ వేస్తారు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం పూర్తయి ఇక్కడికో స్టేషన్ వచ్చింది. చుట్టూ బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల. భూమిని తవ్వితే నాపరాయి దొరికే ఊళ్లు. అందుకే ఇక్కడ పేదింట్లోనూ కింద బండలు పరిచి ఉంటాయి.

ఈ ప్రాంతపు పాత ఇల్లు మట్టి మిద్దె. రాయీ మట్టీ కలిపి రెండడుగుల మందాన గోడ లేపి, దాని మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు వేసి, పైన చవుటి మన్ను మెత్తేవాళ్ళు. వెలుగు కోసం పైకప్పులో గవాచి. ఇంటిని అంకణాల్లో లెక్కపెట్టేవాళ్ళు. ముందు వసారా, లోపల పడసాల, వెనక వంటిల్లు, పక్కన గరిసెలుండే చీకటి గది, ఆనుకొని పశువుల కొట్టం. ధాన్యానికి గది ఉంది, దేవుడికి గూడు ఉంది, ఎద్దులకు గాడి ఉంది. ఒక మనిషి తలుపు వేసుకొని తన పనిలో తానుండే చోటు మాత్రం ఆ ఇంట్లో లేదు. దాని అవసరం ఎవరికీ పడలేదు. పని చేలో ఉండేది. ఇల్లు పదిమంది కలిసి తిని, పడుకొని, చుట్టాలను కూర్చోబెట్టే చోటు.

తర్వాత మిద్దెలు కూలగొట్టి స్లాబు ఇళ్లు కట్టుకున్నారు. గోడలు సన్నబడ్డాయి, గదులు పెరిగాయి. కానీ ఇంటి మనసు మారలేదు. హాలు పెద్దది, పడక గదులు చిన్నవి. ఆ గదుల తలుపులు రాత్రి తప్ప మూసేవి కావు. పగటిపూట తలుపు వేసుకుంటే ఒంట్లో బాగాలేదేమోనని తలుపు తట్టి అడిగే ఊళ్లు మనవి.

అలాంటి ఇంట్లోకి ఆఫీసు వచ్చి కూర్చుంది. అది మామూలు చుట్టం కాదు. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు నిశ్శబ్దం అడుగుతుంది. వెనక గోడ శుభ్రంగా కనపడాలంటుంది. ఎన్నో విదేశీ ఖాతాదారుల ఒప్పందాల్లో పని చేసే తెర మూడో మనిషి కంటపడకూడదనే షరతు ఉంటుంది. కాబట్టి తలుపు అడగడం పిల్లల గొప్పల కోసం కాదు, ఉద్యోగానికి పెట్టిన నియమం కోసం.

వేడి సాయంత్రం దిగుతుంది

ఇంటి నుంచి పని అనగానే అందరూ నెట్ వేగం అడుగుతారు. నిజానికి ఒక వీడియో మీటింగుకు నాలుగు ఎంబీపీఎస్ లోపు సరిపోతుంది. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ 149 రూపాయల ప్యాకేజీతో ఇచ్చింది 15 ఎంబీపీఎస్. చిక్కల్లా తెగకుండా ఉండటంలోనే. ఫైబర్‌నెట్ తీగ ఎక్కువ భాగం కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అందుకే పల్లెపల్లెకూ అంత త్వరగా చేరింది. అందుకే గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది. పని చేసేవాళ్ళు దీనికి దారి కనిపెట్టుకున్నారు: ఇంటికి తీగ నెట్, జేబులో వేరే కంపెనీ సిమ్. ఒకటి పోతే ఇంకొకటి.

నెట్‌కు మందు దొరికింది. వేడికే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఐదంగుళాల స్లాబు మధ్యాహ్నమంతా తాగిన ఎండను మూడు నాలుగు గంటల తర్వాత గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. అంటే సరిగ్గా అమెరికా ఆఫీసు తెరిచే వేళకు మన గది కాలడం మొదలవుతుంది. పొద్దున బడికి పోయే పిల్లలకు, పగలు షాపుకు పోయేవాళ్లకు ఆ ఇల్లు పర్వాలేదు. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా అందులో కూర్చొని ఆలోచించాల్సిన మనిషికి అది శిక్ష. పైగా పిల్లల కోసమని కొత్తగా వేసే గది ఎక్కువగా మేడ మీదే వేస్తున్నారు. కింద జాగా లేదు, పైన సద్దు ఉండదు అని. నాలుగు గోడలకూ, కప్పుకూ ఎండ తగిలే గది అది. ఏసీ పెడితే బిల్లు, పెట్టకపోతే చెమట.

మట్టి మిద్దెకు ఈ బాధ లేదు. అడుగు మందం మన్ను వేడిని లోపలికి పంపడానికి రాత్రి పొద్దుపోయేదాకా సమయం తీసుకుంటుంది. అప్పటికి బయట చల్లబడి గవాచి తెరిస్తే గాలి ఆడుతుంది. తాతల మిద్దె ఇంకా గట్టిగా నిలబడి ఉన్నవాళ్ళు దాన్ని కూల్చే ముందు ఒక్కసారి ఆలోచించమని నా విన్నపం. గరిసెల గది చీకటిగా ఉంటుంది కానీ చల్లగా ఉంటుంది. ఉత్తరపు గోడకు ఒక కిటికీ కొట్టి, కింద బండలు మార్చి, నాలుగు పాయింట్లు లాగితే జిల్లాలో అంతకంటే మంచి ఆఫీసు గది ఉండదు. మిద్దె కారుతుందని భయపడేవాళ్ళు ఏటా తొలకరికి ముందు చవుడు వేయించుకోవాలి. ఆ పని తెలిసిన చేతులు ఇంకా మిగిలే ఉన్నాయి.

స్లాబు గది ఉన్నవాళ్ళు కప్పుకు తెల్లటి చలవ పూత వేయించుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చలవ కప్పుల మీద ఒక విధానమే తెచ్చింది. సున్నం కొట్టుకున్నా కొంత ఊరట ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో, అందులోనూ సీమలో, ఇలాంటి విధానం అవసరం ఇంకా ఎక్కువ.

> మేస్త్రీకి చెప్పాల్సిన మాటలు
>
> పది బై పది గది చాలు. పడమర గోడకు కిటికీ వద్దు, సాయంత్రపు ఎండ నేరుగా తెర మీద పడుతుంది. ఈశాన్యం వైపు గది సాయంత్రానికి ముందుగా చల్లబడుతుంది. దేవుడి గది అక్కడే ఉంటే దాని పక్క గదిని ఎంచుకోండి. కిటికీ మనిషి వీపు వెనక ఉంటే అవతలివాళ్లకు నల్లటి ఆకారం మాత్రమే కనిపిస్తుంది. అది పక్కకు ఉండాలి.
>
> టేబులు కొనక్కర్లేదు. రెండడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు నాపబండను రెండు చిన్న గోడల మీద కూర్చోబెట్టవచ్చు. ఎత్తు 29 అంగుళాలు ఉండాలి. మేస్త్రీలు అలవాటుకొద్దీ వంటింటి అరుగు ఎత్తులో కట్టేస్తారు. అలా కడితే భుజాలు పట్టేస్తాయి. మణికట్లకు రాయి చల్లగా తగలకుండా మందపాటి గుడ్డ పరచుకోవాలి. బండల నేల, ఉత్త గోడల గదిలో మాట మారుమోగుతుంది. ఎదురు గోడకు ఒక పాత బొంత వేలాడదీస్తే చాలు.
>
> కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి దాదాపు 1,200 వాట్ అవర్లు వాడుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు 60 వాట్లు, నెట్ పెట్టెలకు 20, బల్బుకు 10, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వేసుకుంటే పది గంటలు వస్తుంది. 75 వాట్ల పాత ఫ్యాను అయితే ఏడు గంటలకే దిగిపోతుంది.

ఒక ఉద్యోగం, రెండు కాపురాలు

ఇంటి నుంచి పని ఇళ్ల ధరలను కదిలిస్తుందన్నది అమెరికాలో లెక్కలతో తేలింది. 2019 డిసెంబరు నుంచి 2021 నవంబరు వరకు అక్కడ ఇళ్ల ధరలు 23.8 శాతం పెరిగితే, అందులో సగానికి పైగా ఇంటి నుంచి పని వల్లనేనని జాన్ మాండ్రగాన్, యోహానెస్ వీలండ్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. ఇంట్లోనే ఉండాల్సి వచ్చినవాళ్ళు ఇంకో గది వెతుక్కున్నారు. ఊరి నడిబొడ్డు వదిలి శివార్లకు జరిగారు.

మనకు ఆ మార్పు రెండు తీరుల్లో వచ్చింది. హైదరాబాద్‌లో ఉండిపోయినవాళ్ళు మూడో పడక గది అడిగారు. దేశంలోని ఏడు పెద్ద నగరాల్లో 2023లో సగటు ఫ్లాటు పరిమాణం హైదరాబాద్‌లోనే ఎక్కువని రియల్ ఎస్టేట్ సంస్థలు చెప్పాయి. ఊరికొచ్చినవాళ్ళేమో పల్లెకూ నగరానికీ నడుమ ఉన్న ఊరి వైపు చూశారు. సంజామల వాళ్ళకు అది నంద్యాల, కొందరికి కోయిలకుంట్ల, బనగానపల్లె, ఇంకొందరికి ఆళ్లగడ్డ. పల్లెలో ఇల్లుంది, కానీ పిల్లలకు బడి, పెద్దవాళ్లకు ఆసుపత్రి, రాత్రి కరెంటు పోతే అడగడానికో మనిషి నంద్యాలలో ఉన్నారు. కడప–కర్నూలు మధ్య 40వ నంబరు జాతీయ రహదారి ఆళ్లగడ్డనూ నంద్యాలనూ కలుపుతూ పోతుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, ఎస్పీ కార్యాలయం, వాటితో ఉద్యోగులు వచ్చారు. నంద్యాలలో ఇంటి గిరాకీని ల్యాప్‌టాపులు ఒక్కటే పెంచాయని అంటే అబద్ధమవుతుంది. ఆఫీసర్లూ, సాఫ్ట్‌వేరు పిల్లలూ ఒకే వీధిలో ఒకే తరహా ఇల్లు వెతుకుతున్నారన్నదే నిజం.

అంతలో కంపెనీలు పిలిచాయి. ఆ పిలుపు కొత్త తరహా కాపురాన్ని పుట్టించింది. నెలకు పది రోజులు ఆఫీసుకు రమ్మంటే బెంగళూరులో ఇల్లు తీసుకొని కుటుంబాన్ని దింపడం దండగ. రాకపోకలకు నంద్యాల నుంచి బస్సులున్నాయి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. అందుకే అక్కడ పీజీలో ఒక మంచం, ఇక్కడ అద్దెకో సొంతానికో మొత్తం ఇల్లు. భార్యాపిల్లలు, అమ్మానాన్న ఇక్కడ. ఆదివారం రాత్రి బస్సెక్కిన మనిషి పది రోజుల పని ముగించుకొని దిగుతాడు. ఈ పద్ధతిలో డబ్బు మిగులుతుంది, అలసట కూడా మిగులుతుంది. కానీ నగరంలో చిన్న ఇంటికి పోసే అద్దెలో కొంత భాగంతో ఇక్కడ విశాలమైన ఇల్లు దొరుకుతున్నంత కాలం ఇది సాగుతుంది. నలభై ఏళ్లుగా సీమ ఇంటి సొమ్ము నగరపు ఇళ్లలోకి పోయింది. కొంతైనా వెనక్కి వచ్చి ఇక్కడి మేస్త్రీకీ, వడ్రంగికీ, బండల పాలిషు యూనిట్లకూ పని ఇస్తోందంటే అది సంతోషించాల్సిన సంగతి.

> పిలుపులు వచ్చిన తేదీలు
>
> 2025 నాటికి ఒక వేళలో ఆఫీసులో ఉండేది పాతిక శాతం సిబ్బందే అని 2020లో ప్రకటించిన టీసీఎస్, 2023 అక్టోబరు 1 నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. విప్రో 2023 నవంబరు 15 నుంచి వారానికి మూడు రోజులంది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి కొన్ని స్థాయిల ఉద్యోగులకు నెలకు కనీసం పది రోజుల ఆఫీసు హాజరు తప్పనిసరి చేసింది. అమెజాన్ 2025 జనవరి 2 నుంచి ఐదు రోజులూ ఆఫీసే అంది.
>
> చట్టం మాత్రం అటు నుంచి ఇటు వచ్చింది. 2020 నవంబరులో టెలికాం శాఖ బీపీఓలకు ఇంటి నుంచి పని మీదున్న ఆంక్షలను తొలగించింది. 2022 జులైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ల నిబంధనల్లోనూ ఇంటి నుంచి పనికి చోటిచ్చారు.

సంబంధాలు చూసేటప్పుడు ఎకరాలెన్ని, జీతమెంత అనే ప్రశ్నల పక్కన ఇప్పుడు "ఇంటి నుంచేనా, ఆఫీసుకా?" అన్నది కూడా చేరింది. ముసలి తల్లిదండ్రులున్న ఇంటికి ఆ జవాబు ఎకరాల కంటే బరువైనది. రాత్రి నాయనకు ఆయాసం వస్తే బండి తీసి నంద్యాలకు పట్టుకుపోవడానికి కొడుకో కూతురో ఇంట్లో ఉన్నారన్న ధైర్యానికి వెల కట్టలేం. శనగ కోత వేళ కూలీలకు డబ్బులిచ్చి, తూకం దగ్గర నిలబడి, సాయంత్రానికి మీటింగులో కూర్చునే పిల్లలున్నారు. నగరంలో ఉండి పొలం కౌలుకిచ్చేసిన వాళ్ళకంటే వాళ్ళ పొలం బాగుంటుంది.

ముందు గది కొడుకుది, వంటింటి మూల కోడలిది

ఇంట్లో పని గది ఒక్కటే ఉన్నప్పుడు అది ఎవరికి దక్కుతుంది? ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇళ్లలో జవాబు మనందరికీ తెలుసు. తలుపున్న గది మగపిల్లాడికి. కోడలు పడక గదిలో మంచం అంచున, ఒళ్లో దిండు పెట్టుకొని, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేస్తుంది. లేదంటే వంటింటికీ హాలుకూ మధ్యనున్న భోజనాల బల్ల మీద. ఆమె అక్కడ కూర్చుంటే అందరికీ అందుబాటులో ఉన్నట్టు లెక్క. "ఇంట్లోనే ఉండావు కదమ్మా, పాలు పొంగకుండా సూడు." "చుట్టాలొచ్చినారు, ఒక్క కాపీ పెట్టిచ్చి పో." ఈ మాటల్లో దుర్మార్గం లేదు. అత్తగారి కంటికి ఆఫీసు కనపడదు, కోడలు కనపడుతుంది. కోడలు తలుపు వెనక ఉంటే ఆఫీసు కనపడుతుంది.

2025 ఫిబ్రవరి 11న, విజ్ఞానశాస్త్రంలో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం నాడు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాష్ట్రంలో ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున తెస్తామన్నారు. ఆలోచన మంచిది. 2024లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీనికి బలం చేకూరుస్తుంది. చైనాలోని ట్రిప్ డాట్ కామ్ కంపెనీలో 1,600 మందికి పైగా ఉద్యోగుల మీద నికోలస్ బ్లూమ్ బృందం ఒక ప్రయోగం చేసింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయనిచ్చినవాళ్ళలో ఉద్యోగం మానేయడం మూడో వంతు తగ్గింది. ఆ మేలు ఎక్కువగా దక్కింది ఆడవాళ్లకూ, దూరం నుంచి వచ్చేవాళ్లకూ. పని నాణ్యత తగ్గలేదు.

మన ఆడపిల్లలకు ఆ దూరం ఇంకా పెద్దది. బెంగళూరు పంపడానికి ఇష్టపడని ఇళ్లు, పెళ్ళయ్యాక ఉద్యోగం మాన్పించిన ఇళ్లు సీమలో తక్కువేం కాదు. ఇంజనీరింగు చదివి, రెండేళ్లు పని చేసి, పెళ్ళితో మానేసిన అమ్మాయికి ఇంటి నుంచి పని రెండో తలుపు. కానీ ఆమెకు పని ఇచ్చి గది ఇవ్వకపోతే ఇంటి పనీ ఆఫీసు పనీ ఒకే బల్ల మీద పడతాయి. రాత్రి పదకొండుకు మీటింగు ముగించి, పొద్దున ఐదుకు లేచి కల్లాపి చల్లే మనిషి ఎన్నాళ్లు నిలుస్తుంది? కొత్తగా ఇల్లు కడుతున్న అత్తమామలకు నా మనవి: కోడలి కోసం ఒక గది వేయండి. అది వంటింటికి దూరంగా ఉండాలి. తలుపుకు లోపలి నుంచి గడియ ఉండాలి.

మగ్గానికి ఇచ్చిన చోటు

ఇల్లే పని చోటు కావడం మన నేలకు కొత్త కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లు చూడండి. ఆ ఇల్లు మగ్గం కోసమే కట్టినట్టుంటుంది. వెలుగు పడే ముందు గదిలో గుంట తవ్వి మగ్గం దించుతారు. మనుషులు మిగిలిన చోట సర్దుకుంటారు. ఆడవాళ్ళు ఆసు పోస్తారు, పిల్లలు కండెలు చుడతారు. అది పని అని ఇంట్లో అందరికీ తెలుసు, వీధికి తెలుసు. మగ్గం మీద ఉన్న మనిషిని పాలు చూడమని పిలవరు.

ప్రభుత్వానికీ అది తెలుసు. ఏడో పంచవర్ష ప్రణాళికలో, 1985–86లో, కేంద్రం చేనేత కార్మికులకు ఇంటితో పాటు పని షెడ్డు కట్టుకోవడానికి సాయమందించే పథకం మొదలుపెట్టింది. బతుకుతెరువు ఇంట్లోనే ఉన్నప్పుడు ఆ పనికి కావలసిన జాగా కూడా గృహ నిర్మాణంలో భాగమని నలభై ఏళ్ల కిందటే ఒప్పుకున్నాం. ఇప్పుడు దాన్ని మరిచిపోవడానికి కారణం లేదు.

340 చదరపు అడుగుల్లో

ఇంతవరకు చెప్పినదంతా గది వేసుకునే స్తోమత ఉన్నవాళ్ళ సంగతి. 2020 డిసెంబరు 25న 'నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు' కింద పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాల పంపిణీ మొదలైంది. ఆ స్థలంలో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. ఒక పడక గది, ఒక హాలు, వంటకో మూల, మరుగుదొడ్డి. కేంద్ర గ్రామీణ ఆవాస్ పథకం ప్రకారం కనీస ఇల్లు 25 చదరపు మీటర్లు, అంటే 270 చదరపు అడుగుల లోపే. తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అంది. స్థలం పెరగడం మంచిదే. ఇంటి లోపలి నమూనా కూడా మారితేనే లాభం.

ఎందుకంటే డిగ్రీ చదివిన కూలీ బిడ్డ ఇప్పుడు ఈ ఇళ్లలోనే ఉంది. సర్వేలో ఆమె పేరు ఉంది. ఆమెకు ఫోన్లో మాట్లాడే కస్టమర్ కేర్ ఉద్యోగమే వచ్చిందనుకుందాం. ఐదుగురున్న ఒకే పడక గది ఇంట్లో, పక్క ఇంటి గోడ చేయి చాపితే తగిలే వీధిలో, ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చొని మాట్లాడుతుంది? పొద్దున మేడెక్కితే ఎండ, రాత్రి మేడెక్కితే దోమలు. ఇంటి నుంచి పని అనే మాట ఆ ఇంటికి అతకదు. ఆమెకు కావలసింది ఊళ్ళోనే, నడిచి పోయే దూరంలో, పని గది.

ఆ ఆలోచన మన రాష్ట్రంలో పుట్టనిది కాదు. 2005 ప్రాంతంలోనే సత్యం కంప్యూటర్స్ అధినేతల కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ 'గ్రామ్‌ఐటీ' పేరుతో పశ్చిమ గోదావరి జిల్లా జల్లికాకినాడలో, అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఈతకోటలో పల్లె పిల్లలతో కంప్యూటరు కేంద్రాలు నడిపింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడటంతో ఆ సంస్థ వెనకున్న ఆసరా కూలింది. పిల్లలు చేయలేక ఆగిన పని కాదది. 2021లో గ్రామాల్లో డిజిటల్ లైబ్రరీలు కట్టి, ఇంటి నుంచి పని చేసేవాళ్లకు అక్కడ చోటివ్వాలని అప్పటి ప్రభుత్వం అనుకుంది. ఆ ఆలోచనను ఎవరు మొదలుపెట్టారన్నది పక్కనబెట్టి కొనసాగించి ఉంటే ఇప్పటికి ఊరూరా ఒక గది సిద్ధంగా ఉండేది. తమిళనాడులో జోహో సంస్థ 2011 నుంచి తెన్‌కాశి దగ్గరి పల్లెలో ఆఫీసు నడుపుతోంది. కేరళ ప్రభుత్వం కొల్లం జిల్లా కొట్టారక్కరలో ఇంటికి దగ్గరలో పని చేసుకునే కేంద్రాన్ని చేపట్టింది.

సంజామలలో అలాంటి గదికి కావలసినవన్నీ ఉన్నాయి. మండల కేంద్రం, సచివాలయ భవనాలు, ఫైబర్ తీగ, రైలు స్టేషన్, చుట్టుపక్కలే నాపబండ. సచివాలయం మీద ఇంకో అంతస్తు వేసి, పది పదిహేను బల్లలు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, రాత్రి పదకొండు వరకు కాపలా, ఇంటికి దింపడానికి ఒక ఆటో, పైకప్పు మీద సౌర పలకలు పెట్టొచ్చు. ఇందులో కాపలానూ ఆటోనూ తీసేస్తే ఆడపిల్లలు రారు. మిగతావన్నీ ఉన్నా గది ఖాళీగానే ఉంటుంది.

సొంత స్థలం ఉండి డబ్బు చాలనివాళ్లకు చేయాల్సింది ఇంకా తేలిక. ఇంటి పథకం నమూనాలో ఎనభై చదరపు అడుగుల పని గదిని ఒక అదనపు భాగంగా చేర్చాలి. ఇంట్లో డిగ్రీ దాటిన బిడ్డ ఉంటే దానికి తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలి. ఆడబిడ్డ పేరున అడిగితే ముందు వరుసలో పెట్టాలి. చేనేత షెడ్డుకు ఇచ్చినట్టే ఇవ్వొచ్చు. కౌశలం సర్వేలో చదువు, భాషలు, నైపుణ్యం రాసుకున్న కాగితం మీదే ఇంకొక ప్రశ్న చేర్చి ఇళ్లను మళ్ళీ ఒకసారి అడగాలి: ఈ ఇంట్లో మీరు తలుపు వేసుకొని పని చేసుకునే చోటు ఉందా? లేదన్న ఇళ్ల జాబితాను గృహ నిర్మాణ శాఖకు పంపాలి. సంక్రాంతి దాటాక సీమలో కొత్త పునాదులు పడే కాలం మొదలవుతుంది. అప్పటికల్లా ఆ జాబితా తయారైతే ఈ ఏటి ఇళ్లలోనే కొన్ని గదులు లేస్తాయి.